టైగర్ కాగితములు

గ్రామములో సంఘకాపరిగా ఉన్నవారికి ఈ సంగతి బాగుగా తెలుసు. ప్రసంగము, పరామర్శ, పెండ్లి, భూస్థాపన - ఇవి మాత్రమే మా పని కాదు. రేషను కార్డు దరఖాస్తు, వితంతు పింఛను అర్జీ, పిల్లల బడి సర్టిఫికెట్లు, గల్ఫు దేశములకు వెళ్లే అక్కచెల్లెండ్ర పాస్‌పోర్టు ఫారములు - ఇవన్నీ మందిరపు వరండాలోని మా బల్ల మీదికే వస్తాయి. ఇన్ని సంవత్సరముల పరిచర్యలో మేము చూడని కాగితము లేదనుకున్నాము. అయితే 2023 సెప్టెంబరు నెలలో ఒక కుక్క ప్రయాణపు కాగితములు ఆ బల్ల మీదికి వచ్చాయి. ఆ కాగితముల వలన మేము నేర్చుకున్నది మీతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా సంఘములో ఒక కుటుంబమున్నది. ఆ ఇంటి పెద్దాయన 2022లో ప్రభువునందు నిద్రించారు. కుమారుడు జపాను దేశములో యొకోహామా పట్టణములో సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేస్తున్నాడు. అతని భార్య, పదేండ్ల కూతురు ఊరిలో నాయనమ్మ దగ్గరనే ఉండేవారు. వారిద్దరినీ తన దగ్గరకు తీసుకొనిపోవలెనని అతడు ఏర్పాటు చేసుకున్నాడు. అక్కడ బడులు ఏప్రిల్ నెలలో తెరుస్తారు గనుక మార్చి ఆఖరుకు ప్రయాణమని నిర్ణయించారు.

అంతా బాగానే ఉన్నది గాని, పాప మాత్రము ఒకే మాట పట్టుకున్నది: "టైగర్ రాకపోతే నేను రాను."

టైగర్ అంటే గొప్ప జాతి కుక్క అనుకొనకండి. గోధుమ రంగు నాటు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, మరొకటి వాలిపోయి ఉంటుంది. చెరువు గట్టు మీద దొరికిన పిల్లను తాతగారు ఎరువుల సంచిలో పెట్టుకొని తెచ్చి మనవరాలి చేతికిచ్చారు. ఆయన పోయిన తరువాత ఆ పాప చాలాకాలము ఎవరితోను సరిగా మాట్లాడలేదు. సాయంకాలము అరుగు మీద కూర్చుండి కుక్కతోనే ఏవేవో చెప్పుకొనేది. మేము పరామర్శకు వెళ్లినప్పుడు కూడా మాకు జవాబు చెప్పక, "టైగర్, అయ్యగారు వచ్చారు చూడు" అని దానితోనే అనేది.

ఊరిలో నవ్వనివారు లేరు. "కుక్కకు విమానమా?" అన్నారు. ఖర్చు ఎంతవుతుందో తెలిసిన తరువాత "ఆ డబ్బుకు రెండు పాడిగేదెలు వస్తాయి" అన్నారు. ఇంకొకరు మరింత కఠినముగా, "కన్నతల్లిని ఊరిలో వదలిపెట్టి కుక్కను తీసుకొనిపోతారట" అన్నారు. ఈ మాట నాయనమ్మ చెవిని పడింది. ఆమె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను ఈ మట్టి వదలి రానని నేనే చెప్పాను. వాడు నన్ను పిలవక కాదు. ఈ ఇంటిలోనిది ఒకటైనా పిల్లతోపాటు వెళ్లాలి. మీరు ఆ కాగితములేవో చూడండి" అన్నారు. ఆ తరువాత మాకు వేరే ఆలోచన లేకపోయింది.

అబ్బాయి జపాను ప్రభుత్వపు జంతు క్వారంటైన్ శాఖవారి నియమములను పంపించాడు. మా వేదాంత డిప్లొమాలో ఈ పాఠము లేదు. మూడు రాత్రులు మేమును మా శ్రీమతియు కూర్చుండి, ఒక్కొక్క మాటకు అర్థము చూచుకొంటూ చదివాము. చదివిన కొద్దీ వాటిలోని వరుస మాకు తేటపడింది.

మొదటిది మైక్రోచిప్. బియ్యపుగింజ కంటె కాస్త పెద్దదైన ఒక గొట్టమును సూదితో కుక్క మెడ దగ్గర చర్మము క్రింద పెడతారు. దానిలో పదునైదు అంకెల సంఖ్య ఉంటుంది. చదివే యంత్రమును దగ్గర పెడితే ఆ సంఖ్య కనబడుతుంది. రెండవది, చిప్ పెట్టిన తరువాత రేబిస్ టీకా. మూడవది, కనీసము 30 దినములు గడిచాక రెండవ టీకా. నాలుగవది రక్తపరీక్ష. రక్తములోని సీరమును వేరుచేసి, జపానువారు ఆమోదించిన లేబొరేటరీలలో ఒకదానికి పంపాలి. మిల్లీలీటరుకు 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లకు తగ్గకుండా రోగనిరోధక శక్తి కనబడాలి. అయిదవది, రక్తము తీసిన దినము మొదలుకొని 180 దినములు వేచియుండాలి. అప్పుడు గాని ఆ దేశములో అడుగుపెట్టనివ్వరు. ముందుగా తీసుకొనివస్తే తక్కువైన దినములన్నీ అక్కడి క్వారంటైన్ గదిలో గడపాలి.

నాయనమ్మ ట్రంకుపెట్టెలో నుండి టైగర్ టీకాల పుస్తకము తీసుకొనివచ్చారు. పెద్దాయన ఎంతో శ్రద్ధ గలవారు. మూడు సంవత్సరములు వరుసగా మండలములోని పశువుల ఆసుపత్రిలో టీకా వేయించారు. డాక్టరుగారి సంతకము, ముద్ర అన్నీ ఉన్నాయి. అయితే ఆ మూడు టీకాలలో ఒక్కటియు లెక్కకు రాదు. ఎందుకంటే అవి చిప్ పెట్టకముందు వేసినవి. ఇందులో ఎవరి తప్పు లేదు. చిప్ అనే మాటయే మా ఊరికి అప్పటివరకు రాలేదు.

నాయనమ్మకు బాధ కలిగింది. "ఆయన చేయించినది అబద్ధమా అయ్యగారూ?" అన్నారు. కాదమ్మా, అన్నాము. ఆ పుస్తకములో "గోధుమ రంగు మగ కుక్క" అని వ్రాసియున్నది. మన మండలములోనే అలాంటివి వెయ్యి ఉంటాయి. టీకా వేసినది నిజమే గాని, ఏ కుక్కకు వేశారో సముద్రము అవతల కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? పేరు మార్చవచ్చు, పుస్తకము మార్చవచ్చు, చర్మము క్రింద ఉన్న సంఖ్యను మార్చలేరు. అందుచేత ఆ సంఖ్య ముందు, మిగిలినవన్నీ దాని వెనుక.

సరే, మొదటినుండి ప్రారంభించాము. 2023 అక్టోబరు 6న విజయవాడలో ఒక పశువైద్యుని దగ్గర చిప్ పెట్టించి, మొదటి టీకా వేయించాము. నవంబరు 20న రెండవ టీకా వేయించి, ఆ దినమే రక్తము తీయించాము. కొన్ని వారములకు ఫలితము వచ్చింది. 0.5 కంటె చాలా ఎక్కువగా ఉన్నది. నవంబరు 20 నుండి 180 దినములు లెక్కపెడితే 2024 మే 18 అయింది. పాప ప్రయాణము మార్చిలో. ఎంత ప్రయత్నించినను ఈ రెండు తేదీలు కలియవు.

అప్పుడు పాప అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "రక్తము బాగున్నదని కాగితము వచ్చింది కదా అయ్యగారూ, ఇంకా ఎందుకు ఆగాలి?"

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకొనుటకు మేము పశువైద్యునే అడిగాము. ఆయన చెప్పినది ఇది. రేబిస్ క్రిమి కాటు ద్వారా లోపలికి వచ్చిన వెంటనే బయటపడదు. నరముల వెంబడి మెల్లగా మెదడు వైపు ప్రయాణము చేస్తుంది. దానికి కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఆ కాలమంతా కుక్క తింటుంది, ఆడుకొంటుంది, తోక ఊపుతుంది. టీకాకు ముందే ఎప్పుడో కాటు తగిలియుంటే రక్తపరీక్ష దానిని పట్టుకొనలేదు. కాలము మాత్రమే పట్టుకొంటుంది. లోపల ఏమైనా ఉంటే ఆరు నెలలలో బయటపడుతుంది. అందుకే ఆ నిరీక్షణ.

ఈ మాట విన్నప్పుడు మాకు లేవీయకాండము 13వ అధ్యాయము జ్ఞాపకము వచ్చింది. చర్మము మీద మచ్చ కనబడినవానిని యాజకుడు వెంటనే తీర్పు తీర్చడు. ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి మరల చూస్తాడు. తేలకపోతే మరి ఏడు దినములు ఉంచి మరల చూస్తాడు. అనుమానము ఉన్నచోట తొందరపడక దినములు లెక్కపెట్టుట క్రొత్త సంగతి కాదు. పాపకు ఇదే మా మాటలలో చెప్పాము. ఆమెకు ఎంత అర్థమయిందో గాని, క్యాలెండరు తెచ్చి మే 18 చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసింది.

ఇంత కఠినము ఎందుకని మీరు అడుగవచ్చు. జపాను ఒకప్పుడు మనవలెనే పిచ్చికుక్కల భయముతో బ్రతికిన దేశమే. 1950లో రేబిస్ నివారణ చట్టము చేశారు. ప్రతి కుక్కను నమోదు చేయాలి, టీకా వేయించాలి, యజమాని లేని కుక్కలను పట్టుకోవాలి. ఏడు సంవత్సరములలో, అనగా 1957 నాటికి, ఆ దేశములో రేబిస్ లేకుండా పోయింది. అప్పటినుండి అక్కడి జంతువులలో అది కనబడలేదు. వేరే దేశములో కుక్క కరిచి, జపానుకు వచ్చిన తరువాత జబ్బు బయటపడి మరణించినవారు మాత్రము ఉన్నారు. 2006లో ఇద్దరు, 2020లో ఒకరు. వ్యాధి లేని ప్రాంతములని ఆ దేశము గుర్తించిన జాబితా చాలా చిన్నది. ఐస్‌లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిజీ, హవాయి, గ్వామ్. అన్నీ సముద్రము మధ్య ఉన్నవే. సముద్రమే వాటికి ప్రహరీగోడ. అయితే ఆ గోడకు విమానాశ్రయము అనే తలుపు ఉన్నది. గోడ ఉన్నంత మాత్రమున నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. తైవాన్ ద్వీపము 1961 నుండి రేబిస్ లేని చోటుగా పేరు పొందింది. 2013లో అక్కడి అడవులలో తిరిగే ఫెరెట్ బాడ్జర్ అనే చిన్న జంతువులలో ఆ వ్యాధి బయటపడింది. కాబట్టి ఆ తలుపు దగ్గర కూర్చున్నవారు అంకెలను ఒకటికి రెండుసార్లు చూస్తే మనము విసుగుకొనకూడదు.

నాయనమ్మ ఇంటికి ప్రహరీ లేదు. టైగర్‌ను ఏ వీధికుక్క అయినా కరిస్తే ఈ శ్రమ అంతా వ్యర్థమవుతుంది. అందుచేత డిసెంబరు నెలలోనే దానిని మందిరపు ఆవరణములోనికి తెచ్చుకున్నాము. సండే స్కూలు పిల్లలకు మంచి స్నేహితుడు దొరికాడు.

2024 జనవరి 9న ఒక పిచ్చికుక్క మా ఊరిలోనికి వచ్చింది. మందిరపు గేటు ముందు నుండియే వెళ్లింది. లోపల టైగర్ గేటు వరకు పరుగెత్తి మొరిగింది. గేటు వేసియున్నది. ఆ కుక్క అలాగే వీధి చివరకు పోయి, కూలిపనికి వెళ్లిన ఒక తల్లి బిడ్డను, ఆరేండ్ల బాబును, పిక్క మీద కరిచింది.

మేము వెళ్లేసరికి గాయము మీద ఒకరు పసుపు, ఒకరు కారము అద్దుటకు సిద్ధముగా ఉన్నారు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని మన పెద్దల సామెత. సామెతగా అది బాగానే ఉన్నది గాని వైద్యముగా పనికిరాదు. మా శ్రీమతి బాబును బోరింగు పంపు దగ్గరకు ఎత్తుకొనిపోయి, గడియారము చూచుకొంటూ పదిహేను నిమిషములు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయమును కడిగింది. తరువాత ఆటోలో తెనాలి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోయాము. గాయము చుట్టూ రేబిస్ సీరము ఎక్కించి, చేతులకు టీకా వేశారు. వాళ్ల అవ్వ మాత్రము ఆసుపత్రి వద్దని చాలా ఏడ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని ఆమె భయము. ఆ పాత మందు తయారీని మన దేశములో 2004 చివరిలోనే ఆపివేశారు. ఇప్పుడు వేసేవి చేతికి వేసే చిన్న సూదులు. మొదటి దినము, 3వ దినము, 7వ దినము, 28వ దినము. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకొనరు.

అయితే 28వ దినమే ప్రమాదము. గాయము మానిపోతుంది, బిడ్డ ఆడుకొంటాడు, ఆ తల్లికి కూలి పోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుచేత పాప టైగర్ కోసము గుర్తుపెట్టిన ఆ క్యాలెండరు మీదనే బాబు తేదీలు కూడా నీలి సిరాతో వ్రాశాము: జనవరి 9, 12, 16, ఫిబ్రవరి 6. నాలుగు తేదీలకు నాలుగుసార్లు ఆ తల్లితోపాటు ఎవరో ఒకరము వెళ్లాము. రేబిస్ లక్షణములు ఒకసారి మొదలైన తరువాత మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యము. మొదలుకాకముందు మందు సక్రమముగా పడితే దాదాపు ఎవరూ చనిపోరు. ఈ రెంటి మధ్య ఉన్నది కొన్ని తేదీలు మాత్రమే. బాబు ఈ సంవత్సరము కూడా మా సండే స్కూలులో అందరికంటె ఎక్కువ అల్లరి చేస్తున్నాడు.

ఆ క్యాలెండరు చూచినప్పుడెల్లా మా మనస్సులో ఒక సంగతి మెదిలేది. ఎన్నడును చూడని జపాను దేశపు పిల్లల క్షేమము కోసము మేము ఒక కుక్క దినములను ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టుచున్నాము. మన వీధిలో తిరిగే కుక్కల దినములను లెక్కపెట్టేవారు ఎవరు?

మార్చి నెలలో తల్లి, పాప వెళ్లిపోయారు. పాప ఏడ్వలేదు. క్యాలెండరు దగ్గరకు వెళ్లి ఎర్రగీత మరొకసారి చూచుకొని వెళ్లింది.

ఇక చివరి కాగితములు. కుక్క చేరుటకు కనీసము 40 దినముల ముందుగా, ఏ విమానాశ్రయమునకు ఎప్పుడు వస్తుందో జపాను క్వారంటైన్‌వారికి తెలియజేయాలి. జూన్ 8న చేరుట అనుకున్నాము గనుక ఏప్రిల్ 29 లోపల పంపాలి. ఏప్రిల్ 15ననే పంపించాము. నాలుగు రోజులకు ఒక ప్రశ్న వచ్చింది. మొదటి టీకా తేదీ 06-10-2023 అని ఉన్నది, ఇది అక్టోబరు 6వ తేదీయా, జూన్ 10వ తేదీయా? కొన్ని దేశములలో నెలను ముందు వ్రాస్తారట. పశువైద్యుని దగ్గరకు మరల వెళ్లి, నెలను అక్షరములలో వ్రాయించి, సంతకము, ముద్ర వేయించి పంపాము. తరువాత దిగుమతికి అంగీకార పత్రము వచ్చింది. ఆ కాగితమును నాయనమ్మ కండ్లకు అద్దుకున్నారు.

ప్రయాణమునకు ముందు పది దినముల లోపల పశువైద్యుడు పరీక్షించి ఆరోగ్యపత్రము ఇవ్వాలి. దాని మీద మన కేంద్ర ప్రభుత్వపు జంతు క్వారంటైన్ అధికారి సంతకము, ముద్ర ఉండాలి. ఆ కార్యాలయములు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగుళూరు, హైదరాబాదులలో ఉన్నాయి. అబ్బాయి సెలవు మీద వచ్చి టైగర్‌ను హైదరాబాదు తీసుకొనివెళ్లాడు. ప్రయాణపు పెట్టె మాత్రము నెల ముందే తెప్పించాము. కుక్క లోపల నిలబడి, తిరిగి, పండుకొనగలిగేంత ఉండాలి. మొదటి దినము టైగర్ దాని దగ్గరకే రాలేదు. రోజూ అన్నము అందులోనే పెట్టగా పెట్టగా, చివరకు మధ్యాహ్నపు నిద్ర కూడా అందులోనే పోయేది. నాయనమ్మ తన పాత చీర ముక్కను మడిచి లోపల పరిచారు.

జూన్ 8న నరిటా విమానాశ్రయములో చిప్ యంత్రమును మెడ దగ్గర పెట్టారు. పదునైదు అంకెలు కాగితము మీది అంకెలతో సరిపోయాయి. నియమములన్నీ నెరవేరితే ఈ పరీక్ష 12 గంటల లోపల ముగుస్తుంది. టైగర్‌ను ఆ పూటనే వదలిపెట్టారు. ఆ రాత్రి పాప ఫోను చేసి నాయనమ్మతో చాలాసేపు మాట్లాడింది. అంతసేపు ఆమె మాట్లాడగా మేము వినుట అదే మొదటిసారి. అక్కడ కూడా టైగర్‌కు పని ఉన్నది. 30 దినముల లోపల పట్టణపు కార్యాలయములో పేరు నమోదు చేయించి, మెడకు బిళ్ల కట్టాలి. ఏటా టీకా వేయించాలి.

విదేశములలో పిల్లలున్న తల్లిదండ్రులు మన సంఘములలో అనేకులున్నారు గనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇట్టి ఆలోచన ఉంటే ఒక సంవత్సరము ముందుగానే ప్రారంభించండి. మొదట చిప్, తరువాతనే టీకా. టీకా మందు పేరు, బ్యాచ్ నంబరు, తేదీ అన్ని కాగితములలో ఒకేలా ఉండాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు వద్దు. ఒక దేశపు నియమము మరొక దేశమునకు వర్తించదు. నియమములు మారుతూ కూడా ఉంటాయి. హవాయిలో నిరీక్షణ కాలమును 2018లో 120 దినముల నుండి 30 దినములకు తగ్గించారు. కాబట్టి విన్నమాట నమ్మక, ఆయా ప్రభుత్వముల తాజా నియమములనే చూడండి. ఇంత ఓపిక లేనివారు ముందే ఆ ప్రాణికి మంచి ఇల్లు చూడండి. అంతేగాని బస్టాండు దగ్గర వదలిపెట్టి వెళ్లకండి.

ఊరు విడిచి వెళ్లనివారికి కూడా ఒక మాట. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొమ్మిదేండ్ల బాలునికి మొదటిసారి ఈ టీకా వేశాడు. ఆ జ్ఞాపకార్థము ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితముగా రేబిస్ టీకా వేస్తారు. 2024లో ఆ దినమున మా ఊరివారు తాళ్లు కట్టి, గొలుసులు కట్టి, కొందరు చంకన పెట్టుకొని కుక్కలను తీసుకొనివచ్చారు. జనవరిలో కాటు తగిలిన బాబు తల్లి తన గుడిసె ముందు తిరిగే రెండు కుక్కలను తెచ్చింది. టైగర్‌ను చూచి నవ్వినవారిలో కొందరు కూడా ఆ వరుసలో నిలబడ్డారు. వారిని చూచి ఎవరూ నవ్వలేదు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి కుక్కకు టీకా వేయించిన తేదీ మీకు జ్ఞాపకమున్నదా? లేనియెడల ఈ వారములోనే వేయించండి. ఆ తేదీని మీ ఇంటి క్యాలెండరు మీద వ్రాసిపెట్టుకొనండి. నెలను అక్షరములలో వ్రాయండి.